‘సిస్టమ్‌లో అలా చూపిస్తోంది’ అంటున్నారా? తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం ఇలా

పథకం డబ్బు పడలేదని మీరు వార్డు సచివాలయానికి వెళ్లారనుకుందాం. ఉద్యోగి మీ ఆధార్ నంబరు కొట్టి చూసి, ‘మీరు అనర్హులు అని వస్తోంది. కరెంటు వాడకం 300 యూనిట్లు దాటిందట’ అన్నారు. మీ ఇంటికి ఏ నెలా 90 యూనిట్లకు మించి బిల్లు రాలేదు. ఆ బిల్లే తీసి చూపించారు. ‘నిజమేనండీ, కానీ సిస్టమ్‌లో అలా చూపిస్తోంది. మా చేతుల్లో ఏమీ లేదు’ అని జవాబు వచ్చింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఏ ఊళ్లోనైనా వినపడే మాటే ఇది. నిజానికి ఆ ఉద్యోగి చెప్పింది అబద్ధం కాదు. ఆయన చూస్తున్న తెర తప్పును చూపిస్తుంది, అంతే. ఆ తప్పు పుట్టింది ఇంకో శాఖలో, ఇంకో ఫైల్లో, బహుశా ఇంకో ఏడాదిలో. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ మీ కౌంటర్ దాకా వచ్చింది.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు ఇది రోజూ ఎదురయ్యే సమస్యే. లక్షల లైన్ల కోడ్‌లో ఒకచోట పుట్టిన తప్పు మరెక్కడో బయటపడుతుంది. దాన్ని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లడానికి వాళ్లకు కొన్ని పద్ధతులున్నాయి. అవి తెలిస్తే మీ పని కూడా తేలికవుతుంది.

తప్పు ఎలా ప్రయాణిస్తుంది?

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. గుంతకల్లు వైపు నుంచి బెంగళూరు వెళ్లే బండి ఈ వరుసలోనే వస్తుంది. హిందూపురంలో బండి గంట ఆలస్యంగా వస్తే, అక్కడి ప్రయాణికుడికి కనిపించేది ఆ ఆలస్యమే. కారణం మాత్రం హిందూపురం స్టేషన్‌లో ఉండకపోవచ్చు. ధర్మవరానికి ముందే ఎక్కడో సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉండొచ్చు. హిందూపురం స్టేషన్ మాస్టర్‌ను నిలదీసినంత మాత్రాన ఆ గంట తిరిగి రాదు.

సాఫ్ట్‌వేర్ కూడా ఇలాంటి స్టేషన్ల వరుసే. ఒక భాగం లెక్క కట్టి ఫలితాన్ని పక్క భాగానికి ఇస్తుంది. అది తన లెక్క చేసి మరో భాగానికి పంపుతుంది. ప్రతి భాగమూ ‘నాకు వచ్చింది సరైనదే’ అన్న నమ్మకంతో పనిచేస్తుంది. మొదటి భాగంలో తప్పు దొర్లితే, తర్వాతివన్నీ తమ పని సక్రమంగా చేస్తూనే ఆ తప్పును మోసుకెళ్తాయి.

ఇందుకు ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ ఏరియన్-5 రాకెట్. 1996 జూన్ 4న ఐరోపా అంతరిక్ష సంస్థ దాన్ని మొదటిసారి ప్రయోగించింది. 40 సెకన్లలోపే రాకెట్ దారి తప్పి పేలిపోయింది. పాత ఏరియన్-4 కోసం రాసిన కోడ్‌లో కొంత భాగాన్ని కొత్త రాకెట్‌లోనూ వాడారు. అందులో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చే లైన్ ఒకటుంది. కొత్త రాకెట్ వేగానికి ఆ సంఖ్య పెద్దదై, 16 బిట్లలో పట్టలేదు. దిశను చెప్పే కంప్యూటర్ ఆగిపోయింది. దానికి బదులుగా పెట్టిన రెండోదానిలోనూ అదే కోడ్ ఉండటంతో అదీ ఆగింది. ఆగే ముందు పంపిన లోపం సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ నిజమైన దిశ అనుకుని రాకెట్‌ను పక్కకు తిప్పేసింది. ప్రధాన కంప్యూటర్ తనకు అందిన అంకెలను నమ్మి తన పని తాను చేసింది. తప్పు దానికంటే ముందే పుట్టింది.

ఇప్పుడు మన కరెంటు మీటర్ సంగతి చూద్దాం

ఏపీలో సంక్షేమ పథకాలకు అర్హతను తేల్చే పద్ధతిని చాలామంది ‘ఆరు అంచెల పరిశీలన’ అంటారు. ప్రభుత్వాలు మారినా మూల నిబంధనలు పెద్దగా మారలేదు. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకానికీ దాదాపు ఇవే వర్తించాయి. కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేల రూపాయలు మించకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాకుండా నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. పట్టణంలో 1,000 చదరపు అడుగులకు మించి సొంత కట్టడం ఉండకూడదు.

వీటిలో ఒక్కో నిబంధనకు సమాచారం ఒక్కో శాఖ నుంచి వస్తుంది. భూమిది రెవెన్యూ నుంచి, వాహనానిది రవాణా శాఖ నుంచి, ఇంటిది మున్సిపాలిటీ నుంచి, కరెంటుది విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి. శ్రీ సత్యసాయి జిల్లాకు ఆ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్. వీటన్నింటినీ కలిపే తాడు మీ ఆధార్ నంబరు.

మీరు నాలుగేళ్ల కిందట హిందూపురంలో అద్దెకు ఉన్నారనుకోండి. అప్పట్లో ఆ ఇంటి మీటర్‌కు మీ ఆధార్ ఎక్కింది. తర్వాత మీరు ధర్మవరం మారిపోయారు. పాత ఇంట్లోకి వేరే కుటుంబం వచ్చింది, ఏసీ పెట్టుకుంది. మీటర్ మాత్రం ఇంకా మీ ఆధార్ మీదే ఉంది. ఈ తప్పు దిగే మెట్లు ఇవీ.

మొదటి మెట్టు, పుట్టుక. మీటర్ సర్వీస్ నంబరు పక్కన మీ ఆధార్ ఉంది. ఎక్కించిన రోజున అది తప్పు కాదు. కాలం గడిచి తప్పయింది. దాన్ని తీసేయాలని ఎవరికీ గుర్తు రాలేదు.

రెండో మెట్టు, దాటిపోవడం. ఆధార్‌లోని 12 అంకెల్లో చివరిది తనిఖీ అంకె. ముందున్న 11 అంకెల నుంచి ఒక లెక్క ప్రకారం అది వస్తుంది. టైప్ చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ లెక్క సరిపోదు. సాఫ్ట్‌వేర్ ఆ తనిఖీ చేస్తే తప్పును అక్కడే ఆపగలదు. కానీ మన ఉదాహరణలో నంబరు సరైనదే, మీదే. తప్పంతా దాన్ని ఆ మీటర్‌కు కట్టి ఉంచడంలో ఉంది. నంబరు ‘చెల్లుతుందా’ అన్న తనిఖీ, అది ‘నిజమా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పదు.

మూడో మెట్టు, విస్తరణ. సచివాలయం రికార్డులో మీరు ఒంటరి మనిషి కాదు, ఒక కుటుంబంలో సభ్యులు. ఆ కుటుంబంలో ఎవరి పేరున మీటర్ ఉన్నా లెక్క అందరికీ కలుపుతారు. మీ ఒక్కరి ఆధార్ మీద ఉన్న తప్పు ఇప్పుడు మీ భార్యకు, పిల్లలకు, మీతో ఉన్న తల్లిదండ్రులకు అంటుకుంది. పెళ్లయి పెనుకొండ నుంచి హిందూపురం వెళ్లిన అమ్మాయి పేరు ఇంకా పుట్టింటి కుటుంబంలోనే ఉంటే, పుట్టింటి తప్పు ఆమెకూ చుట్టుకుంటుంది.

నాలుగో మెట్టు, కుదింపు. అర్హత తేల్చే సాఫ్ట్‌వేర్ చివరికి ఇచ్చేది అవును, కాదు అన్న జవాబే. ఏ మీటర్, ఏ ఊరు, ఏ నెల వివరాలు అన్నవి దారిలో రాలిపోయి, ‘కరెంటు’ అన్న ఒక్క ముక్క మిగలొచ్చు. ప్రోగ్రామర్లకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. తప్పు జరిగిందని తెలుస్తుంది, ఎక్కడ జరిగిందో చెప్పే సమాచారం మాత్రం మధ్యలోనే పోతుంది.

ఐదో మెట్టు, బయటపడటం. మీ ఖాతాలో డబ్బు పడదు. అప్పుడే మీకు తెలుస్తుంది. అప్పటికి తప్పు పుట్టి ఏళ్లయి ఉంటుంది.

పేరు ఒకటే, మనుషులు ఇద్దరు

ఆధార్‌తో కాకుండా పేరు, చిరునామాలతో రికార్డులను కలిపినప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. మన దగ్గరే చూడండి. సత్యసాయి జిల్లాలో పెనుకొండ ఉంది, పశ్చిమ గోదావరిలో పెనుగొండ ఉంది. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒకదాని స్పెల్లింగ్ ఇంకోదానికి పడటం కొత్త కాదు. ధర్మవరం పేరుతో ఊళ్లు రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. హిందూపురాన్ని కొందరు హిందూపూర్ అని రాస్తారు. మనిషికి ఇవి తేలిగ్గా అర్థమవుతాయి. సాఫ్ట్‌వేర్‌కు చెబితేనే తెలుస్తుంది. అందుకే రైల్వే పేర్ల మీద ఆధారపడదు. ధర్మవరం జంక్షన్‌కు డీఎంఎం, హిందూపురానికి హెచ్‌యూపీ అని విడి కోడ్‌లు పెట్టుకుంది.

తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వివిధ శాఖల రికార్డుల్లో ఒకే మనిషివిగా అనిపించినవాటిని పేరు, చిరునామా వంటి వివరాలతో జత చేస్తుంది. దాని ఆధారంగా రేషన్ కార్డులు కోల్పోయినవారిలో అసలు కారే లేనివారూ ఉన్నారు. అలాంటి పేరే ఉన్న వేరొకరి కారు వారి ఖాతాలో పడింది. రద్దు చేసిన లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంటికి వెళ్లి చూస్తే నిమిషంలో తేలే విషయం కోర్టు మెట్ల దాకా వెళ్లాల్సి వచ్చింది.

99 మార్కులు సున్నా అయిన రోజు

మధ్యలో తనిఖీలు పనిచేయకపోతే ఏమవుతుందో 2019లో రెండు రాష్ట్రాలూ చూశాయి. ఆ ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. 9 లక్షల మందికి పైగా రాశారు, 3 లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి మెమోలో సున్నా వచ్చింది.

పేపర్ దిద్దినవారు ఓఎంఆర్ పత్రంలో 99కి బదులు సున్నాలు నింపారని బోర్డు చెప్పింది. దాన్ని సరిచూడాల్సినవారు గమనించలేదు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ కూడా ఆ సున్నాను అలాగే ముందుకు పంపింది. మిగతా పేపర్లలో బాగా రాసిన విద్యార్థికి ఒక్కదాంట్లో సున్నా వస్తే ‘ఒకసారి ఆగి చూడండి’ అని హెచ్చరించే ఏర్పాటు పనిచేసి ఉంటే, మెమో ముద్రించక ముందే దొరికేది. మూడు చోట్ల ఎక్కడో ఒకచోట ఆగాల్సిన తప్పు మూడూ దాటింది.

ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. ఫెయిలైన వారందరి పేపర్లను ఉచితంగా మళ్లీ పరిశీలించారు. వెయ్యి మందికి పైగా విద్యార్థులు పాసయ్యారు. కానీ ఫలితాలు వచ్చిన రోజుల వ్యవధిలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వారందరి మార్కుల్లో తప్పులున్నాయని కాదు. అయితే ఫలితాన్ని నమ్మొచ్చా లేదా అన్న అయోమయంలో లక్షల కుటుంబాలు రోజులు గడిపాయి. ‘కంప్యూటర్ చెప్పింది కాబట్టి నిజమే’ అన్న నమ్మకం ఎంత బరువైనదో అప్పుడు తెలిసింది.

బ్రిటన్‌లో ఇదే నమ్మకం మనుషులను జైలుకు పంపింది. అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి వాడిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ లేని లోటును చూపించింది. సొమ్ము కాజేశారంటూ చిన్న పోస్టాఫీసులు నడిపేవారిపై కేసులు పెట్టారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ 2024లో చట్టం తెచ్చారు. ఏళ్ల తరబడి వాళ్లకు ఎదురైన జవాబు కూడా ‘సిస్టమ్ అలా చూపిస్తోంది’ అన్నదే.

ఇంజినీర్లు ఎలా వెతుకుతారు?

మొదట, తప్పు సందేశాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకుంటారు. ‘పనిచేయట్లేదు’ అన్న మాట వాళ్లకు చాలదు. ఏ తేదీన, ఏ తెరపై, ఏ అక్షరాలతో వచ్చిందో కావాలి.

రెండోది, వరుసను కాగితం మీద గీస్తారు. ఈ అంకె ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎవరిచ్చారు అని వెనక్కి వెళ్తారు.

మూడోది, సగం చేసి చూస్తారు. వెయ్యి మార్పుల్లో ఏది తప్పు తెచ్చిందో తెలియకపోతే, ఒక్కోదాన్నీ పరీక్షించరు. సరిగ్గా మధ్యలోదాన్ని పట్టుకుంటారు. అక్కడ బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉన్నట్టు, అక్కడే చెడి ఉంటే ముందు సగంలో ఉన్నట్టు. ఇలా ప్రతిసారీ సగం కొట్టేస్తే వెయ్యి మార్పుల్లో అసలుదాన్ని సుమారు పది పరీక్షల్లో పట్టుకోవచ్చు. హిందూపురంలో ఆలస్యమైన బండి గురించి పెనుకొండకు ఫోన్ చేసి ‘మీ దగ్గరికే ఆలస్యంగా వచ్చిందా?’ అని అడగడం ఇలాంటిదే.

నాలుగోది, చివర్లో పూత పూయరు. తెరపై కనిపించే అంకెను మాత్రం మార్చి వదిలేస్తే, మూలం నుంచి సమాచారం మళ్లీ వచ్చినప్పుడు పాత తప్పు తిరిగొస్తుంది.

మీరు చేయాల్సింది ఏమిటి?

సచివాలయంలో ముందుగా అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: ‘ఏ నిబంధన కింద, ఏ రికార్డు చూసి అనర్హత వచ్చింది?’ కారణం కరెంటు అయితే సర్వీస్ నంబరు అడగండి. భూమి అయితే గ్రామం, సర్వే నంబరు అడగండి. వాహనం అయితే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. తెర మీద ఉన్నది రాసుకోండి. వీలైతే ప్రింట్ తీసుకోండి.

తర్వాత మధ్య మెట్టు, అంటే కుటుంబం వివరాలు చూడండి. మీ కుటుంబంలో ఎవరెవరి పేర్లున్నాయో సచివాలయంలోనే చెబుతారు. పెళ్లయి వెళ్లినవారు, విడిగా ఉంటున్నవారు ఇంకా ఉంటే తప్పు అక్కడే ఉండొచ్చు. అక్కడ అంతా సరిగా ఉంటే ఇంకా వెనక్కి, మూల శాఖకు వెళ్లాలి.

మీది కాని మీటర్ మీ ఆధార్ మీద ఉంటే ఆ ప్రాంత విద్యుత్ ఏఈ కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. ఆ సర్వీస్ నంబరు నుంచి మీ ఆధార్ తొలగించాలని రాసి, మీ ప్రస్తుత బిల్లు నకలు జత చేయండి. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912. భూమి విషయమైతే మీభూమి పోర్టల్‌లో 1బీ, అడంగల్ చూసుకుని తహసీల్దార్ కార్యాలయానికి వెళ్లండి. ఇంటి కొలతల్లో తేడా ఉంటే మున్సిపాలిటీ రెవెన్యూ విభాగం. వాహనం అయితే రవాణా శాఖ.

అర్హుల జాబితాలో పేరున్నా డబ్బు రాలేదంటే తప్పు ఇంకో దారిలో ఉంది. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు, మీ ఆధార్‌కు చివరిసారి అనుసంధానమైన బ్యాంకు ఖాతాలో పడుతుంది. అది మీరు మర్చిపోయిన పాత ఖాతా కావొచ్చు. మైఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ కింద ఏ బ్యాంకు ఉందో కనిపిస్తుంది. ఆధార్ సాయానికి 1947కు ఫోన్ చేయొచ్చు.

మూలంలో సరిచేయగానే పని అయిపోయిందని అనుకోవద్దు. ఏ పథకం జాబితా అయినా ఒక తేదీన తీసుకున్న సమాచారంతో తయారవుతుంది. మీటర్ నుంచి ఆధార్ ఈరోజు తొలగినా, నిన్న తయారైన జాబితాలో మీరు అనర్హులుగానే ఉంటారు. అందుకే సరిచేసినట్టు రసీదు తీసుకుని మళ్లీ సచివాలయానికి వెళ్లి, పునఃపరిశీలనకు అర్జీ పెట్టాలి. మూలంలో సవరణ ఒక అర్జీ, దాన్ని కిందివరకు తెచ్చుకోవడం ఇంకో అర్జీ. చాలామందికి రెండోది తెలియక మొదటి విడతతో పాటు తర్వాతి విడత కూడా పోతుంది.

రెండు శాఖలు ఒకరిపై ఒకరు చెప్పుకుంటుంటే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. జిల్లా స్థాయిలో అది పుట్టపర్తి కలెక్టరేట్‌లో జరుగుతుంది. 1100కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదవుతుంది. ఏ రికార్డు ఆధారంగా తిరస్కరించారో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘నాకు పథకం ఎందుకు రాలేదు’ అని కాకుండా ‘నా దరఖాస్తును తిరస్కరించడానికి వాడిన రికార్డు నకలు, అది తీసుకున్న తేదీ ఇవ్వండి’ అని రాయండి. మొదటి ప్రశ్నకు ‘అనర్హులు’ అన్న ఒక్క మాట రాసి పంపొచ్చు. రెండోదానికి కాగితం చూపించాలి.

బాధ్యత అంతా మీదేనా?

కాదు. తప్పును వెతికే పని నిజానికి వ్యవస్థను నడిపేవారిది. తిరస్కరించే ముందు ‘మీ పేరున ఫలానా మీటర్ ఉంది, మీదేనా?’ అని ఒక మెసేజ్ పంపడం కష్టమైన పని కాదు. అనర్హత జాబితాలో సర్వీస్ నంబరు, సర్వే నంబరు పూర్తిగా చూపిస్తే సగం అర్జీలు దారి తప్పకుండా సరైన శాఖకే వెళ్తాయి. కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి తప్పును సరిదిద్దే అధికారం లేకపోయినా, మూల శాఖకు నేరుగా పంపే వీలుండాలి.

ధర్మవరంలో 2019 డిసెంబరు 21న ప్రారంభమైన నేతన్న నేస్తం కింద అర్హత ఉన్న చేనేత కుటుంబానికి ఏడాదికి 24 వేల రూపాయలు ఇచ్చారు. పట్టు ముడిసరుకు అప్పు తెచ్చుకుని మగ్గం నడిపే ఇంటికి అలాంటి మొత్తం ఒక ఏడాది ఆగిపోతే ఆ లోటు వడ్డీగా మారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడిలోని తప్పు దిగే చివరి మెట్టు అది. అక్కడిదాకా రాకముందే ఆపాలంటే, ఈ వారమే ఒకసారి సచివాలయంలో మీ కుటుంబం వివరాలు, మీ ఆధార్ మీద ఉన్న మీటర్లు చూపించమని అడగండి. పథకం ప్రకటించాక వెతకడం కంటే ముందే చూసుకోవడం తేలిక. అప్పటికి క్యూ ఉండదు, గడువు కూడా తరమదు.